గుండెకీ పేగుకీ చుట్టరికం

మన తెలుగులో మమతలకి రెండు కాపురాలున్నాయి, ఎప్పుడైనా గమనించారా? ప్రేమించుకున్న వాళ్ళదంతా గుండెలో కాపురం. గుండె ఝల్లుమంటుంది, గుండె బరువెక్కుతుంది, గుండె చెరువవుతుంది. అదే తల్లీబిడ్డల సంగతికి వచ్చేసరికి పెత్తనమంతా పేగుదే. కన్నపేగు, పేగు తెంచుకు పుట్టిన బిడ్డ, కడుపుతీపి, కడుపుకోత!

నవలలు రాసే నాలాంటి దానికి ఈ మాటలు వంటింట్లో ఉప్పూ, చింతపండూ లాంటివి. అవి లేకుండా ఏ ప్రకరణమూ ఉడకదు. మావారు ఒకసారి నా నవల ఒకటి ఓపిగ్గా చదివి, "మీ కథానాయిక గుండె మొత్తం పదకొండుసార్లు పగిలింది. అయినా ఆఖరి పేజీలో కొట్టుకుంటూనే వుంది. మంచి కంపెనీ సరుకు!" అన్నారు. నేను చదివింది బి.ఏ. కావ్యాలూ, చరిత్రా తప్ప శరీరంలో ఏ అవయవం ఎక్కడ వుంటుందో కాలేజీలో నాకెవరూ చెప్పలేదు. నా పుస్తకాల అట్టల మీద గుండె అంటే తమలపాకు ఆకారంలో వుండే ఎర్ర బొమ్మ, అంతే.

అల్లాంటిది, ఈ నాలుగేళ్ళుగా నిజం గుండె సంగతీ, నిజం పేగు సంగతీ రెండూ తెలుసుకోవలసి వచ్చింది. మా చెల్లెలి కూతురి మూలంగా. దాని గురించి రాయనా అని అడిగితే, "రాసుకో పెద్దమ్మా, పేరు మాత్రం వెయ్యకు. స్కూల్లో ఏడిపిస్తారు" అంది. అంచేత దాన్ని ఇక్కడ 'పాప' అంటాను. పదకొండేళ్ళ పిల్లని పాప అన్నందుకు అలిగినా సరే.

పాప పుట్టడమే నీలపు పెదవులతో పుట్టింది. మన గుండెలో నాలుగు గదులుంటాయి. కుడివైపు గదులు చెడు రక్తాన్ని ఊపిరితిత్తుల్లోకి తోస్తాయి. ఎడమవైపు గదులు మంచి రక్తాన్ని ఒళ్ళంతటికీ తోస్తాయి. కుడివైపు పై గదికీ, కింద గదికీ మధ్య ఒక తలుపు వుండాలి. పాపకి ఆ తలుపు వుండవలసిన చోట గోడ వుంది. తలుపు లేకపోతే ఆ కింద గది ఎందుకు పెరుగుతుంది? అది ఎదగనే లేదు. అంటే రెండు పంపులతో నడవవలసిన ఇల్లు ఒకే పంపుతో నడవాలన్న మాట.

ఇల్లాంటి పిల్లలు వెనకటి రోజుల్లో నిలిచేవారు కారు. 1968లో ఫ్రాన్సులోని బోర్డో నగరంలో ఫ్రాన్సిస్ ఫాంటన్ అనే సర్జనుకి ఒక ఆలోచన వచ్చింది. వున్న ఒక్క పంపునీ ఒంటికి రక్తం పంపటానికే వదిలేసి, ఒంట్లోంచి తిరిగి వచ్చే చెడు రక్తాన్ని గుండెతో పని లేకుండా తిన్నగా ఊపిరితిత్తులకి వెళ్ళేలా దారి మళ్ళిస్తే? 1971లో ఆయన ఈ సంగతి వైద్య పత్రికలో ప్రకటించాడు. అదే ఏడు అర్జెంటీనాలో గిలెర్మో క్రూట్సర్ అనే ఆయన తనంతట తానుగా ఇల్లాంటి ఆపరేషనే చేశాడు. ఈనాడు ప్రపంచం నిండా వేలకి వేల మంది ఈ దారి మళ్ళింపుతో బడికి వెళుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. మా పాపకి ఎనిమిదో నెలలో ఒక ఆపరేషను, నాలుగున్నరేళ్ళకి రెండోది చేశారు. పెదవులు గులాబీ రంగుకి వచ్చాయి. ఆ రోజు మా చెల్లెలు ఫోనులో మాట్లాడలేక ఊరికే ఏడ్చింది. ఇటు నేనూ అంతే.

కథయితే అక్కడ 'శుభం' కార్డు పడిపోయేది. జీవితాలకి అట్టే తొందరగా శుభం కార్డులు వెయ్యరు కదా!

పాపకి ఏడో ఏడు నడుస్తుండగా గట్టిగా జలుబూ, జ్వరమూ వచ్చి తగ్గింది. ఆ తరవాత నెల రోజులకి పిల్ల బొద్దుగా కనిపించటం మొదలుపెట్టింది. పేరంటానికి వచ్చిన వాళ్ళంతా, "ఆపరేషను బాగా పనిచేసిందే, పాప ఒళ్ళు చేసింది!" అని బుగ్గలు పుణికారు. పక్కింటి పిన్నిగారయితే, అంతమంది కళ్ళూ పడ్డాయని ఉప్పు దిగదుడిచి వెళ్ళారు. మా చెల్లెలికి మాత్రం మనసు ఒప్పలేదు. దాని కళ్ళు పిల్ల బుగ్గల మీద లేవు, కాళ్ళ పట్టీల మీద వున్నాయి. పొద్దున్న వదులుగా వున్న వెండి పట్టీలు సాయంత్రమయ్యేసరికి చర్మంలోకి దిగి గాడి పడుతున్నాయి. చీలమండ మీద వేలితో నొక్కితే పడిన గుంట పూడటం లేదు. పొద్దున్న లేవగానే కనురెప్పలు ఉబ్బి వుంటున్నాయి. పొట్ట ముందుకి వచ్చింది, చేతులేమో పుల్లల్లా వున్నాయి. పైగా రోజుకి నాలుగైదు విరేచనాలు. వాళ్ళ ఊళ్ళో చూపిస్తే నులిపురుగులకి మందిచ్చి పంపారు.

నులిపురుగులు పట్టీలని బిగిస్తాయా? నిజమే, ఏ పుస్తకంలోనూ లేని ఈ ప్రశ్న మా చెల్లెలికి తోచింది. పాత కాగితాల కట్ట చంకన పెట్టుకుని, పిల్లని తీసుకుని, ఆ రాత్రి బస్సుకే గుండె డాక్టరు దగ్గరికి హైదరాబాదు బయల్దేరింది. తెల్లారి రక్తం పరీక్ష చేస్తే ఆల్బుమిన్ 1.6 వుంది. మూడున్నరకి పైన వుండవలసిన అంకె అది!

ఆల్బుమిన్ అంటే రక్తంలో వుండే ఒక మాంసకృత్తి. పేరుకి మూలం గుడ్డులో తెల్లసొన. అది చేసే పని చెబుతాను. మాగాయ ముక్కలకి ఉప్పు పట్టించి పెడితే తెల్లారేసరికి ఎంత ఊట దిగుతుంది! ఉప్పు నీటిని తన వైపు లాక్కుంటుంది కనక. రక్తనాళాల్లో నీరు బయటికి పోకుండా లాగి పట్టుకునేది ఈ ఆల్బుమినే. అది తగ్గిపోతే నీరు నాళాల్లో నిలవదు. కాళ్ళలోకి, పొట్టలోకి, రెప్పల్లోకి దిగిపోతుంది. అందరూ 'ఒళ్ళు' అనుకున్నది ఒళ్ళు కాదు, నీరు.

మరి ఆల్బుమిన్ ఏమయినట్టు? మూత్రంలో పోవటం లేదు. కాలేజా సరిగానే తయారుచేస్తోంది. అప్పుడు ఇరవైనాలుగు గంటల మలం పట్టి పరీక్షకి పంపమన్నారు. చదువుతూ ముఖం చిట్లించకండి, తల్లులకి ఇవన్నీ కొత్తా ఏమిటి? ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అని ఒక మాంసకృత్తి వుంది. రక్తంలో వుండవలసిన సరుకు. అది పేగులో తొందరగా అరగదు. కాబట్టి మలంలో ఎక్కువగా కనబడిందంటే, రక్తంలోని సరుకు పేగులోకి కారిపోతోందన్న మాటే. పాపకి అదే కనబడింది. ఫాంటన్ ఆపరేషను అయిన పిల్లల్లో నూటికి అయిదు నించి పన్నెండు మంది దాకా ఈ జబ్బులో పడతారట. కొందరికి ఏడాదీ రెండేళ్ళకే, కొందరికి ఇరవై ఏళ్ళ తరవాత.

బాగుచేసింది గుండెని. కారుతున్నది పేగు. ఈ చుట్టరికం ఎక్కడిది?

మా చెల్లెలికి డాక్టరమ్మగారు చెప్పినది నాకు అర్థమైనట్టు చెబుతాను. వీధి కాలవ నిండిపోతే మన స్నానాల గది తూములోంచి నీళ్ళు వెనక్కి తన్నుతాయి కదా? ఊపిరితిత్తులకి రక్తం పంపే పంపు లేదు కనక, ఆ రక్తం తనంతట తాను నెమ్మదిగా పారాలి. అంచేత ఈ పిల్లల సిరల్లో ఒత్తిడి మామూలు వాళ్ళకంటే రెట్టింపుకి పైనే వుంటుంది. ఒంట్లో లింఫు అని ఇంకో నీటి కాలవ వుంది. అది కాలేజంలోంచీ, పేగుల్లోంచీ మాంసకృత్తులనీ, కొవ్వునీ మోసుకొచ్చి మెడ దగ్గర సిరలో కలుస్తుంది. అక్కడ ఒత్తిడి ఎక్కువైతే ఆ కాలవ వెనక్కి తంతుంది. గట్టు బలహీనంగా వున్న చోట, అంటే పేగులో, పొంగిపోతుంది.

కాని ఒత్తిడి అందరు పిల్లల్లోనూ వుంది, పేగు కొందరిదే కారుతుంది. అక్కడే మన కథలోకి హెపారిన్ వచ్చింది.

హెపారిన్ పుట్టుక కూడా తమాషా. 1916లో అమెరికాలో బాల్టిమోరు నగరంలోని జాన్స్ హాప్కిన్స్‌లో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం కోసం వెతుకుతుంటే, గడ్డకట్టనివ్వని పదార్థం చేతికి తగిలింది. కుక్క కాలేజంలో దొరికింది కనక, గ్రీకు భాషలో కాలేజం పేరు కలిపి 1918లో ఆయన గురువు హోవెల్ దానికి హెపారిన్ అని పేరు పెట్టాడు. దాన్ని శుభ్రపరిచి మనుషులకి ఇవ్వటం 1930ల్లో మొదలైంది. రక్తం గడ్డకట్టకుండా చూసే మందుగానే అది పేరు తెచ్చుకుంది. 1997లో అమెరికాలో డాక్టర్లు ఒక చిన్న నివేదిక ప్రకటించారు. ఫాంటన్ ఆపరేషను తరవాత పేగు కారుతున్న ముగ్గురికి హెపారిన్ ఇస్తే ఆ కారటం ఆగిందని. ముగ్గురంటే ముగ్గురే! అయినా ప్రపంచమంతటా ఇల్లాంటి పిల్లల తల్లులకి అది దీపం వెలిగించినట్టయింది.

రక్తం పలచబడితే పేగు ఎందుకు మూసుకుంటుంది? పలచబడటానికీ దీనికీ అట్టే సంబంధం లేదేమోనంటారు. రక్తం బాగా పలచబడటానికి కావలసిన దానికంటే తక్కువ మోతాదులోనే కొందరికి గుణం కనిపించింది మరి. మన పేగు గోడ కణాల మీద హెపారాన్ సల్ఫేట్ అనే పదార్థం పూతలా వుంటుంది. వరసకి హెపారిన్‌కి అప్పచెల్లెలు. గోడకి సున్నంలాగా అది పేగుని కారనివ్వకుండా కాపాడుతుంది. 2008లో కాలిఫోర్నియాలో హడ్సన్ ఫ్రీజ్ బృందం ఎలుకల మీద చేసిన పనిలో తేలింది ఏమంటే, ఈ పూత తగ్గటం, ఒంట్లో వాపు పుట్టించే పదార్థాలు పెరగటం, సిరల్లో ఒత్తిడి, ఈ మూడూ ఒకదానికొకటి తోడైనప్పుడు పేగు మరీ ఎక్కువగా కారుతుంది. హెపారిన్ లాంటి పదార్థం ఇస్తే తగ్గుతుంది. పాపకి జలుబూ జ్వరమూ వచ్చిన నెలకే జబ్బు పైకి రావటం గుర్తుందా? ఇల్లాంటి పిల్లలకి వచ్చే ప్రతి జలుబునీ తల్లి ఎందుకు అంత భయంగా చూస్తుందో నాకు అప్పుడు తెలిసింది.

మా అమ్మ సంగతి చెప్పాలి. డెబ్బై అయిదేళ్ళ మనిషి, మడీ ఆచారమూ వున్న మనిషి. పాపకి రోజూ సూది వెయ్యటం చూసి, "ఏమే, ఆ మందు దేంతో చేస్తారూ?" అని అడిగింది. మా చెల్లెలు నా వంక చూసింది, నేను దాని వంక చూశాను. ఇప్పుడు హెపారిన్‌ని ఎక్కువగా పంది పేగు లోపలి పొరలోంచి తీస్తారు. అబద్ధం చెప్పటానికి నోరు రాక ఉన్నమాటే చెప్పేశాం. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఏ నోరులేని తల్లి పేగో మన పిల్ల పేగుని కాస్తోందన్న మాట. ఆ ప్రాణికి దణ్ణం పెట్టుకో" అని, తనే సూది పక్కన పెట్టే దూది తీసి ఇచ్చింది. ఆ రోజు నించి సూది టైముకి గడియారం చూసేది అమ్మే.

మొదట్లో ఆస్పత్రిలో నర్సు వేసేది. ఇంటికి వచ్చాక మా చెల్లెలే నేర్చుకుంది. పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి, ఒక రోజు కుడివైపు, ఒక రోజు ఎడమవైపు. వేసిన చోట రుద్దకూడదు, రుద్దితే కమిలిపోతుంది. మొదటి రోజు పాప కంటే తల్లికే ఎక్కువ వణుకు. పాపే, "అమ్మా, నువ్వు కళ్ళు మూసుకోకు, సూది నీక్కాదుగా నాకు" అందిట.

అందరికీ ఇదొక్కటే మంత్రమని మాత్రం అనుకోకండి. 2008లో ఇల్లాంటి పదిహేడు మందిని చూసిన అమెరికా డాక్టర్లు, వాళ్ళలో నూటికి డెబ్బై ఆరు మందికి తేలిక కనిపించిందనీ, జబ్బు పూర్తిగా తగ్గింది మాత్రం ముగ్గురికేననీ రాశారు. హెపారిన్ ఎక్కువ కాలం వాడితే ఎముకలు పెళుసుబారతాయి. రక్తంలో ప్లేట్లెట్లు తగ్గచ్చు. అంచేత ఆ లెక్కలన్నీ చూస్తూ వుండాలి. పన్ను పీకించుకోవాలన్నా, పిల్ల కింద పడి తలకి దెబ్బ తగిలినా, ముందు డాక్టరుకి చెప్పాలి. నొప్పి మాత్రలు సొంతంగా వెయ్యకూడదు. ఇంకో సంగతి మన ఆడవాళ్ళం మొహమాటపడి వదిలేస్తాం. ఇల్లాంటి మందులు వాడే ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు నెలసరి ఎక్కువగా అవ్వచ్చు. పదకొండేళ్ళు వచ్చాయి కనక మా చెల్లెలు ఆ విషయం ముందే డాక్టరమ్మగారితో మాట్లాడి పెట్టుకుంది.

వంటింటి పనీ తక్కువేం కాదు. మామూలు నూనె, నెయ్యి లింఫు కాలవలోంచే వెళతాయి. అంటే నిండిన కాలవలో ఇంకా నీళ్ళు పోసినట్టు. మధ్యరకం గొలుసుల కొవ్వు అని ఒకటి వుంది, అది కాలవ జోలికి పోకుండా తిన్నగా కాలేజానికి వెళుతుంది. దాన్ని నూనెగా అమ్ముతారు. "మన కొబ్బరి నూనే కదా!" అన్నారు పిన్నిగారు. కొబ్బరి నూనెలో అది కొంత భాగమే వుంది, అంతా అదే కాదు. అంచేత డాక్టరు రాసినదే కొనాలి. గుడ్డు తెల్లసొన, వెన్న తీసిన పాలు, పప్పు, ఇవి దండిగా పెట్టాలి. మా శాకాహారపు వంటింట్లోకి ఆ విధంగా కోడిగుడ్డు గృహప్రవేశం చేసింది, వేరే గిన్నెతో, వేరే గరిటెతో. ఉప్పు తగ్గించాలి. ఆవకాయ కోసం పాప పెట్టే పేచీ మాత్రం ఏ డాక్టరూ తీర్చలేకపోయాడు.

హెపారిన్‌తో పాటు పాపకి బుడెసొనైడ్ అనే, పేగులోనే ఎక్కువగా పనిచేసే స్టెరాయిడు కొంతకాలం ఇచ్చారు. ఊపిరితిత్తుల రక్తనాళాలని వదులుచేసే మాత్ర ఒకటి, నీరు తీసే మాత్ర ఒకటి. ఏది ఎంత మేలు చేసిందంటే విడదీసి చెప్పటం కష్టమే. అమెరికాలో ఫిలడెల్ఫియా డాక్టర్లు కాలేజం నించి పేగులోకి పొంగే లింఫు దారిని వెతికి పట్టుకుని జిగురుతో మూసి, ఆ ఫలితాలని 2017లో ప్రకటించారు. 1990ల్లో వచ్చిన లెక్కల్లో ఈ జబ్బు పడిన వాళ్ళలో అయిదేళ్ళు దాటినవారు సగం మందే. 2014లో మేయో క్లినిక్ నలభై రెండు మంది గురించి ప్రకటించిన లెక్కలో నూటికి ఎనభై ఎనిమిది మంది అయిదేళ్ళు దాటారు. ఈ రెండు అంకెలూ మా చెల్లెలు కాలెండరు వెనక రాసుకుంది. మొదటి అంకె మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టేసింది.

పాప మీద జాలి పడకండి, దానికి గిట్టదు. స్కూల్లో పరుగుపందెంలో వుండదు గానీ, అంకెలు చెప్పే అంపైరు ఉద్యోగం తనదేనట. నెలనెలా రక్తం పరీక్ష అయ్యాక మా కుటుంబంలో అందరి ఫోనుల్లోనూ ఒకే ప్రశ్న, "ఎంతొచ్చింది?" అని. కొత్తవాళ్ళు వింటే పరీక్ష మార్కులనుకుంటారు. 1.6 నించి 2.2, తరవాత 2.9. ఒకసారి మళ్ళీ 2.3కి దిగి అందరి ప్రాణాలూ తోడేసింది. పోయిన నెల 3.3. ఇంకో రెండు పాయింట్లు పెరిగితే పట్టీలు పెట్టుకోనిస్తానని వాళ్ళమ్మ మాట ఇచ్చింది. పాప కొత్త జత ఎంచి పెట్టుకుంది కూడా, మువ్వలు ఎక్కువున్నవి.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మీ బంధువుల్లోనో, వీధిలోనో గుండె ఆపరేషనైన పిల్లలుంటారు. వాళ్ళు ఉన్నట్టుండి బొద్దుగా కనబడితే, "ఒళ్ళు చేసింది" అని మురిసిపోయి ఊరుకోకండి. కాళ్ళ మీద వేలితో నొక్కి చూడమనండి. పొట్ట ఉబ్బిందా, విరేచనాలవుతున్నాయా అని ఆ తల్లిని అడగండి. గుండె డాక్టరుకి చూపించి ఆల్బుమిన్ పరీక్ష చేయించమని చెప్పండి. దిష్టి తియ్యాలనిపిస్తే తియ్యండి, నేను కాదనను, కాని అది అయ్యాక ఆ సాయంత్రమే బస్సెక్కించండి.